అంగుళం తెర మీద తెలుగు అక్షరం

ప్రాసెసర్, మెమరీ, బయటి పరికరాలను కలుపుకునే పిన్నులు, సాకెట్లు అన్నీ ఒకే సర్క్యూట్ పలక మీద అమరి ఉండే కంప్యూటర్‌ను సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటారు. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు విద్యార్థుల కోసం రూపొందించి 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టిన రాస్ప్‌బెర్రీ పై ఈ కోవ పలకలన్నిటిలోకీ పేరెన్నిక గన్నది. ఏటీఎం కార్డంత వైశాల్యంలో లైనక్స్ నడిపే పూర్తి కంప్యూటర్‌ను తక్కువ ధరకు అందించడం వల్ల అది బడిపిల్లల చేతుల నుంచి ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలకూ, అక్కడి నుంచి చిన్న పరిశ్రమలకూ విస్తరించింది. అయితే ఈ పలకకు సొంత తెర ఉండదు. లోపల ఎంత లెక్క జరిగినా, ఏ సెన్సర్ ఏ కొలత పంపినా, ఎదుట నిలబడిన మనిషికి కనిపించేది మిణుకుమనే ఒక చిన్న దీపం మాత్రమే. షెడ్డులోని వేడిని, ట్యాంకులోని నీటిమట్టాన్ని, యంత్రం ఆగిపోయిన కారణాన్ని చదవగలిగే రూపంలో చూపాలంటే దానికి ఒక తెర జత చేయాలి. ప్రతిచోటా పెద్ద మానిటర్ పెట్టడం కుదరదు కనుక అంగుళం నుంచి మూడు నాలుగు అంగుళాల దాకా ఉండే చిన్న తెరలు ఈ పనికి వాడుకలోకి వచ్చాయి. వీటికి తీగలు కలపడం ఒక పూటలో ముగిసే పని. ఆ తెర మీద తెలుగు తప్పులేకుండా పడేలా చేయడం అంతకంటే లోతైన పని, శ్రద్ధ పెట్టవలసింది కూడా అక్కడే.

ఈ విషయాన్ని శ్రీ సిటీని ఆధారంగా చేసుకుని చెప్పడానికి తగిన కారణం ఉంది. చెన్నైకి ఉత్తరాన, తడకు సమీపంలో, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేల మీద 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఫాక్స్‌కాన్ ఇక్కడి కర్మాగారంలో షావోమీ సంస్థ కోసం కూర్చిన రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ను 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే యువతులే ఆ కూర్పు వరుసల్లో ఎక్కువగా పనిచేశారు. కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమ కలిసి నడిపే పద్ధతిలో 2013లో ఏర్పడిన భారతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ శ్రీ సిటీ, తొలినాళ్లలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ మార్గదర్శకత్వంలో నడిచి, కంప్యూటర్ సైన్సుతో పాటు ఎలక్ట్రానిక్స్ కూడా బోధిస్తోంది. ఇదే జిల్లాలో ఏర్పేడు మండలం వికృతమాల దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయంలో టీసీఎల్ సంస్థకు చెందిన ప్యానెల్ ఆప్టోడిస్‌ప్లే కర్మాగారానికి 2018లో శంకుస్థాపన, 2022లో ప్రారంభోత్సవం జరిగాయి; ఫోన్లకు, టీవీలకు కావలసిన తెరల విభాగాలను అక్కడ కూరుస్తారు. గాజు పలక మీద లక్షల ట్రాన్సిస్టర్లను ముద్రించే మొదటి అంచె ప్రధానంగా చైనా, తైవాన్, కొరియా, జపాన్ దేశాల్లోనే జరుగుతుండగా, ఆ గాజుకు చోదక చిప్పును, పలుచని తీగల పట్టీని, వెనుక వెలుగును అతికించి తెరగా మార్చే తరువాతి అంచె తిరుపతి దాకా వచ్చింది. ఒకే జిల్లాలో తెర తయారయ్యే చోటు, ఫోన్ కూర్చే చోటు, ఆ విద్యను నేర్పే చోటు మూడూ ఉండడం తెలుగు నేలకు కొత్త.

ఫోన్ తెరలు ఇంత చేరువలో తయారవుతున్నప్పుడు, పగిలిన ఫోన్ నుంచి పనికొచ్చే తెరను ఊడదీసి రాస్ప్‌బెర్రీ పైకి తగిలించవచ్చు కదా అన్న ప్రశ్న ఏ విద్యార్థికైనా కలుగుతుంది. అది దాదాపు అసాధ్యమని చెప్పాలి, అందుకు కారణాలు తెలుసుకోవడం వల్ల తెర పనిచేసే తీరు కూడా బోధపడుతుంది. ఫోన్ తెరకు బొమ్మ డీఎస్ఐ అనే సంధానం ద్వారా అందుతుంది. ఒక్కో జత తీగల మీద సెకనుకు కోట్లాది బిట్లు పరుగెత్తే ఈ మార్గాన్ని వెంట్రుకవాసి ఎడంతో పిన్నులున్న చిన్న కనెక్టర్ ద్వారా కలుపుతారు, దాన్ని చేతితో సోల్డర్ చేయడం కష్టం. తెరలోని ద్రవస్ఫటికాలకు సుమారు 5 వోల్టుల ధన, రుణ విద్యుత్తులు రెండూ కావాలి, వెనుక వెలుగునిచ్చే ఎల్‌ఈడీల వరుసకు 20 వోల్టుల దరిదాపు కావాలి, పలక మీదేమో ఉండేవి 3.3, 5 వోల్టులే. వీటన్నిటినీ ఎలాగో సమకూర్చుకున్నా, తెర మేల్కొనడానికి దాని చోదక చిప్పుకు మొదట పంపవలసిన ఆజ్ఞల వరుస ఒకటి ఉంటుంది; ఏ రిజిస్టరులో ఏ విలువ రాయాలో చెప్పే ఆ పట్టిక తెర తయారీదారుకు, ఫోన్ తయారీదారుకు మధ్యనే ఉండిపోతుంది. ఆ పట్టిక లేని తెర విద్యుత్తు అందినా నల్లగానే ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై సంస్థ కూడా 2015 సెప్టెంబరులో తన 7 అంగుళాల తెరను విడుదల చేసినప్పుడు, 800 గుణించు 480 చుక్కల ఆ తెర వెనుక విద్యుత్తును, సంకేతాలను మార్చే మరో చిన్న పలకను అమర్చవలసి వచ్చింది.

అందువల్ల అభ్యాసకులు వాడేది ఇందుకోసమే తయారుచేసిన మాడ్యూల్. తెర, దానిని నడిపే చిప్పు, అవసరమైన విద్యుత్తు మార్పిడి, తీగలు తగిలించే పిన్నులు అన్నీ ఒక చిన్న పలక మీద సిద్ధంగా ఉండేదే మాడ్యూల్. చెన్నై రిచీ స్ట్రీట్ దుకాణాల్లో ఇవి కుప్పలుగా దొరుకుతాయి. వీటిలో బహుళ ప్రచారం పొందింది 0.96 అంగుళాల ఓలెడ్ తెర. ఓలెడ్ అంటే విద్యుత్తు ప్రవహించినప్పుడు తానే వెలిగే సేంద్రియ పదార్థపు పొరతో చేసిన తెర. ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది కనుక వెనుక దీపం అక్కరలేదు, వెలగని చుక్క పూర్తిగా నల్లగా ఉంటుంది. అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు, మొత్తం 8,192. దీన్ని నడిపే ఎస్ఎస్‌డి1306 అనే చిప్పులో చుక్కకు ఒక బిట్ చొప్పున 1,024 బైట్ల సొంత మెమరీ ఉంటుంది. కంప్యూటర్ ఆ మెమరీలో ఒకసారి రాసి వదిలేస్తే చాలు, చిప్పు దాన్నే మళ్లీ మళ్లీ తెర మీద వెలిగిస్తూ ఉంటుంది. ఆ మెమరీ అమరిక కొంచెం విలక్షణమైనది: 64 వరుసలను ఎనిమిదేసి చొప్పున ఎనిమిది పట్టీలుగా విభజించి, ఒక్కో బైటుతో ఒక నిలువు గీతలోని ఎనిమిది చుక్కలను నియంత్రిస్తారు. ఈ సంగతి తెలియనివారు అడ్డవరుసల లెక్కలో బొమ్మను పంపినప్పుడు అక్షరాలు ముక్కలుముక్కలై చెదరిపోయి కనిపిస్తాయి.

ఇక తీగల విషయం. ఈ మాడ్యూల్‌కు నాలుగే పిన్నులుంటాయి: విద్యుత్తు, గ్రౌండ్, గడియార సంకేతం, సమాచార సంకేతం. 2014 జూలైలో వచ్చిన మోడల్ బీ ప్లస్ నుంచి రాస్ప్‌బెర్రీ పై పలకల మీద రెండు వరుసల్లో 40 పిన్నులున్నాయి. పలకను తిరగేసి చూస్తే ఒకటో పిన్ను సోల్డర్ గుర్తు మాత్రమే చతురస్రంగా ఉంటుంది, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒకటో పిన్ను 3.3 వోల్టుల విద్యుత్తు, మూడోది సమాచారం, ఐదోది గడియారం, ఆరోది గ్రౌండ్. ఒకటో పిన్నుకు ఆనుకునే ఉన్న రెండో పిన్నులో 5 వోల్టులుంటాయి కనుక తీగ ఒక్క పిన్ను పక్కకు జరిగినా పరిస్థితి మారిపోతుంది. మాడ్యూళ్ల వైపు మరో చిక్కు ఉంది. చూడడానికి ఒకే తీరుగా ఉండే మాడ్యూళ్లలో కొన్నిటి మీద మొదటి పిన్ను గ్రౌండ్, రెండోది విద్యుత్తు కాగా మరికొన్నిటి మీద ఈ రెండూ తారుమారై ఉంటాయి. పాత మాడ్యూల్ తీసి కొత్తది పెట్టేటప్పుడు పలక మీద ముద్రించిన అక్షరాలను చదవకుండా తీగలను అలాగే తగిలిస్తే విద్యుత్తు తిరగబడి చిప్పు కాలిపోతుంది. కనుక తీగలు తగిలించేటప్పుడు పలకకు విద్యుత్తు ఆపివేయడం, తిరిగి ఇచ్చేముందు ఒక్కో తీగనూ రెండు చివరలా వేలితో పట్టి సరిచూసుకోవడం ప్రయోగశాలల్లో తప్పనిసరిగా నేర్పవలసిన అలవాటు.

రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవన్నది గుర్తుంచుకోవలసిన మరో సంగతి. ఓలెడ్‌తో ఈ ఇబ్బంది సాధారణంగా రాదు గానీ, పచ్చని లేదా నీలి వెలుగు మీద రెండు వరుసల్లో పదహారేసి అక్షరాలు చూపే పాతకాలపు ఎల్‌సీడీని వాడినప్పుడు వస్తుంది. హిటాచీ సంస్థ హెచ్‌డి44780 చిప్పు పద్ధతిని అనుసరించే ఆ తెరలు 5 వోల్టులతో నడుస్తాయి. తీగల సంఖ్య తగ్గించడానికి వాటి వీపున అతికించే చిన్న పలక, సమాచార, గడియార తీగలు రెండింటినీ నిరోధకాల ద్వారా ఆ 5 వోల్టులకే కట్టి ఉంచుతుంది. తెర చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కంప్యూటర్ పిన్నుల మీద మాత్రం భరించరాని ఒత్తిడి పడుతూ ఉంటుంది. ఆ నిరోధకాలను ఊడదీయడం గానీ, రెండు వోల్టేజీల మధ్య లెవెల్ షిఫ్టర్ అనే చిన్న సర్క్యూట్‌ను ఉంచడం గానీ దీనికి పరిష్కారం.

పైన చెప్పిన రెండు తీగల పద్ధతి పేరు ఐ2సి. ఫిలిప్స్ సంస్థ 1982లో టీవీల వంటి పరికరాల లోపల చిప్పులను కలపడానికి రూపొందించిన ఈ పద్ధతిలో ఒకే జత తీగల మీద అనేక పరికరాలు ఉండవచ్చు. ఒకే వీధిలోని ఇళ్లకు తలుపు సంఖ్యలున్నట్టు ప్రతి పరికరానికీ ఒక చిరునామా ఉంటుంది, కంప్యూటర్ ముందు ఆ చిరునామా పలికి, జవాబు వచ్చాకే సమాచారం పంపుతుంది. తీగను ఏ పరికరమూ సొంతంగా పైకి నెట్టదు, కిందికి లాగడమే చేస్తుంది. వదిలినప్పుడు దాన్ని తిరిగి పైకి తెచ్చేది నిరోధకం. అందుకే ఆ నిరోధకం ఏ వోల్టేజీకి కట్టి ఉందన్నది ఇందాక అంత ముఖ్యమైంది. 0.96 అంగుళాల ఓలెడ్ చిరునామా మామూలుగా హెక్సాడెసిమల్ లెక్కలో 3సి. రాస్ప్‌బెర్రీ పైలో రాస్పి-కాన్ఫిగ్ అనే అమరికల కార్యక్రమంలోకి వెళ్లి ఐ2సిని అనుమతించి, ఐ2సి-డిటెక్ట్ అనే ఆజ్ఞ ఇస్తే కంప్యూటర్ టెర్మినల్‌లో చుక్కగీతల పట్టిక ఒకటి వస్తుంది. అందులో 3సి అన్న గుర్తు కనిపిస్తే తీగలు సరిగ్గా ఉన్నట్టు, పట్టిక మొత్తం ఖాళీగా ఉంటే తీగల దగ్గరికే తిరిగి వెళ్లాలి. ప్రోగ్రాం రాయడానికి ముందే చేయగలిగిన ఈ ఒక్క పరీక్ష ఎన్నో గంటల అయోమయాన్ని తప్పిస్తుంది.

ఈ పద్ధతికి వేగం తక్కువ. రాస్ప్‌బెర్రీ పైలో దాని మామూలు వేగం సెకనుకు 1,00,000 బిట్లు. ప్రతి బైటుకూ జవాబు బిట్‌తో కలిపి తొమ్మిది బిట్లు పడతాయి కనుక 1,024 బైట్ల ఓలెడ్ బొమ్మ మొత్తం మార్చడానికి సెకనులో పదో వంతు కంటే కొద్దిగా తక్కువ పడుతుంది, అంకెలూ అక్షరాలూ చూపడానికి అది చాలు. రంగుల తెరకు ఇది ఏమాత్రం చాలదు. ఐఎల్‌ఐ9341 చిప్పుతో నడిచే 240 గుణించు 320 చుక్కల తెరలో ఒక్కో చుక్క రంగుకు రెండు బైట్ల చొప్పున బొమ్మకు 1,53,600 బైట్లు కావాలి; ఐ2సి వేగాన్ని నాలుగింతలు చేసినా ఒక్క బొమ్మ మారడానికి దాదాపు మూడున్నర సెకన్లు పడుతుంది. అందుకే అటువంటి తెరలు ఎస్‌పీఐ అనే మరో పద్ధతిలో వస్తాయి. మోటరోలా సంస్థ నుంచి వచ్చిన ఈ పద్ధతిలో చిరునామాలుండవు, ప్రతి పరికరానికీ ఎంపిక తీగ విడిగా ఉంటుంది, తీగల సంఖ్య పెరుగుతుంది. ప్రతిఫలంగా సెకనుకు 3.2 కోట్ల బిట్ల వేగంతో అదే బొమ్మను సెకనుకు ఇరవై ఐదు సార్లకు పైగా మార్చవచ్చు.

సాఫ్ట్‌వేర్ వైపు పని పైథాన్ భాషలో సులువుగా సాగుతుంది. లూమా ఓలెడ్ వంటి సిద్ధ గ్రంథాలయం, అంటే ముందే రాసి ఉంచిన ప్రోగ్రాంల సముదాయం, తెరను మేల్కొలిపే ఆజ్ఞల వరుసను, పట్టీల అమరికను తానే చూసుకుంటుంది. ప్రోగ్రాం రాసేవారు మెమరీలో 128 గుణించు 64 చుక్కల ఖాళీ బొమ్మ ఒకటి తయారుచేసి, దాని మీద గీతలూ అక్షరాలూ గీసి, గ్రంథాలయానికి అప్పగిస్తే సరిపోతుంది. ఇక్కడ ఎదురయ్యే ఒక సాధారణ చిక్కు తెలిసి ఉండడం మంచిది. 1.3 అంగుళాల ఓలెడ్ మాడ్యూళ్లలో తరచు ఎస్ఎస్‌డి1306కు బదులు ఎస్‌హెచ్1106 అనే చిప్పు ఉంటుంది. చిరునామా అదే, ఆజ్ఞలు చాలావరకు అవే, కానీ దాని మెమరీలో అడ్డంగా 132 గళ్లుంటాయి, తెర వాటి మధ్యలోని 128 గళ్లనే చూపుతుంది. మొదటి చిప్పు కోసం రాసిన ప్రోగ్రాంను దీని మీద నడిపితే బొమ్మ రెండు చుక్కలు పక్కకు జరిగి, అంచున అర్థంలేని చుక్కల గీత ఒకటి మెరుస్తూ ఉంటుంది. ఆ గీత కనిపిస్తే తెర చెడిపోయిందనుకోనక్కరలేదు, ప్రోగ్రాంలో చిప్పు పేరు మార్చితే సరి.

ఇంతవరకు చెప్పిందంతా ఏ భాషవారికైనా వర్తిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు చూపడంతోనే పని ముగుస్తుందనుకునేవారు ఇక్కడే ఆగిపోతారు, తెలుగు నేల మీద నడిచే పరికరాలు చాలావరకు ఇలా ఆగిపోయినవే. కూర్పు వరుసలో నిలబడే కార్మికురాలికి, కోళ్ల షెడ్డు చూసుకునే రైతుకు, సత్యవేడు సంతలో తూకం వేయించుకునే మనిషికి పరికరం తన మాటను తెలుగులో చెప్పాలి. దానికి అడ్డుపడేది ధర కాదు, తెర కాదు. తెలుగు లిపి స్వభావాన్ని ప్రోగ్రాంలోకి తీసుకురాకపోవడమే.

శ్రీ సిటీ అన్న పేరునే తీసుకుని చూడవచ్చు. చదివేవారికి అది మూడు అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. కంప్యూటర్ దాన్ని యూనికోడ్ అనే అంతర్జాతీయ సంకేత పద్ధతిలో, అంటే 1991లో వచ్చిన తొలి రూపం నుంచే తెలుగుకు చోటున్న పద్ధతిలో, తొమ్మిది సంకేతాలుగా దాచుకుంటుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం; ఖాళీ; స, గుడి, ట, గుడిదీర్ఘం. వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 రూపంలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక మొత్తం 25 బైట్లు. దాచుకున్న వరుసలో గుడిదీర్ఘం ర తరువాత ఉంది. రాతలో మాత్రం అది శ తలమీద, తలకట్టును తొలగించి ఆ స్థానంలో కూర్చుంటుంది. ర తన రూపాన్నే పోగొట్టుకుని క్రావడిగా మారి, శ ఎడమవైపు నుంచి చుట్టుకుని కిందికి వస్తుంది. పొల్లుకు సొంత రూపం ఏదీ మిగలదు. నాలుగు సంకేతాలను ఇలా కలిపి ఒక్క అక్షరంగా తీర్చే పనిని షేపింగ్ అంటారు. ఈ పని జరగకపోతే తెర మీద శ పక్కన విడిగా ఒక పొల్లు, దాని పక్కన మామూలు ర, ఆ పైన ఎక్కడో గుడిదీర్ఘం కనిపిస్తాయి. చదివేవారు మొదట ఫాంటు లేదనుకుంటారు, నిజానికి ఫాంటు ఉంది, దాన్ని ఉపయోగించుకునే తెలివి ప్రోగ్రాంకు లేదు.

ఒకప్పుడు ఈ తెలివి కోసం విడి యంత్రభాగమే కావలసి వచ్చేది. 1980లలో ఐఐటీ కాన్పూరులో మొదలై పుణేలోని సీ-డాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ పరిశోధన, భారతీయ లిపులను కూర్చి చూపడానికి కంప్యూటర్ లోపల గుచ్చే ఒక కార్డును తయారుచేసింది. నేడు అదే పనిని హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అది రాస్ప్‌బెర్రీ పై జీరో వంటి అతి చిన్న పలక మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో గ్రంథాలయానికి రెండు రకాల అక్షర కూర్పులున్నాయి: మొదటిది సంకేతాలను వరుసగా పేర్చేది, రెండోది రాక్మ్ అనే మధ్యవర్తి ద్వారా హార్ఫ్‌బజ్‌ను పిలిచేది. రెండోది అమర్చి ఉందో లేదో ఒక్క వాక్యంతో పరీక్షించుకోవచ్చు. తెలుగు చెదిరిపోయి కనిపించిన ప్రతిసారీ మొదట చూడవలసింది ఇదే.

ఫాంట్ల కొరత కూడా ఇప్పుడు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలిరోజుల్లో ఆధారమయ్యాయి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి 2010ల తొలి సంవత్సరాల్లో మల్లన్న, రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. ప్రవాసంలోని తెలుగువారు పూనుకుని ఇచ్చిన ఈ అక్షరాలు శ్రీ సిటీలోని విద్యార్థి అంగుళం తెర మీద వెలగడానికి సిద్ధంగా ఉండడం సంతోషించవలసిన విషయం.

అయితే ఆ అంగుళంలో తెలుగు ఎంత పడుతుందన్నది లెక్క వేసి చూడాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాన్ని అడ్డం 5, నిలువు 7 చుక్కల్లో గుర్తుపట్టేలా గీయవచ్చు. తెలుగు అక్షరానికి మధ్యన ఒడలు, పైన గుడి లేదా ఏత్వం, కింద ఒత్తు ఉంటాయి. రాష్ట్రం అన్న మాటలో ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు కూడా చేరతాయి. ఇవన్నీ విడివిడిగా తెలియాలంటే వరుసకు 32 చుక్కల ఎత్తు ఇవ్వడం మేలు, అంటే 64 చుక్కల తెర మీద రెండే వరుసలు. 0.96 అంగుళాల తెరలో 32 చుక్కల ఎత్తు సుమారు 5.4 మిల్లీమీటర్లు, చేయి చాచినంత దూరం నుంచి చదవడానికి అది తగినంత. అడ్డంగా ఐదు నుంచి ఏడు అక్షరాలు పడతాయి. పాత పదహారక్షరాల ఎల్‌సీడీలో ఇదీ సాధ్యం కాదు. అందులో ఒక్కో గడి అడ్డం 5, నిలువు 8 చుక్కలే, గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, కొత్తగా గీసుకోగలిగిన అక్షరాలు ఒకేసారి ఎనిమిదికి మించవు. తెలుగు చూపదలచినవారు ఆ తెరను పక్కన పెట్టడమే మంచిది.

ఓలెడ్ చుక్క వెలుగుతుంది లేదా ఆరుతుంది, మధ్యస్థమైన బూడిదరంగు ఈ చిప్పులో లేదు. ఫోన్ తెర మీద నున్నగా కనిపించే వంపు ఇక్కడ మెట్లుమెట్లుగా విరుగుతుంది, సన్నని గీత ఉన్న ఫాంటులో కొన్ని వంపులు తెగిపోతాయి. తెలుగులో అక్షరానికీ అక్షరానికీ భేదం చాలా చోట్ల రవ్వంతే. ప తలకట్టు ఒడలికి అంటకుండా ఉంటుంది, వ తలకట్టు అంటుకుని ఉంటుంది. ఆ మధ్య ఖాళీ ఒక్క చుక్క పూడిపోతే పాలు అన్నది వాలు అవుతుంది. థ కడుపులోని చుక్క మాయమైతే అది ధ లాగా కనిపిస్తుంది. అందువల్ల ఫాంటును పేరు చూసి గాక అసలు తెర మీద, అసలు పరిమాణంలో వేసి ఎంచుకోవాలి. పరీక్షకు చుట్టుపక్కల ఊళ్ల, నదుల పేర్లే చక్కగా పనికొస్తాయి: శ్రీకాళహస్తిలో క్రావడి, స కింది త ఒత్తు ఉన్నాయి, సూళ్లూరుపేటలో ళ కింద ల ఒత్తు, దీర్ఘపు కొమ్ము ఒకేచోట పడతాయి, వరదయ్యపాళెంలో య ఒత్తు పక్కకు సాగుతుంది, స్వర్ణముఖి నది పేరులో రెండు సంయుక్తాక్షరాలున్నాయి. ఈ నాలుగూ తేటగా పడిన ఫాంటు మిగతా మాటల్లో ఇబ్బంది పెట్టే అవకాశం తక్కువ. తమిళం కూడా వాడుకలో ఉన్న ఈ సరిహద్దు మండలాల్లో రెండు భాషల్లోనూ చూపవలసిన అవసరం రావచ్చు. తమిళంలో ఒత్తుల బాధ తక్కువ గానీ, హల్లుకు ముందు కనిపించే గుణింతపు గుర్తులు ఉన్నందున దానికీ షేపింగ్ తప్పదు, అదే హార్ఫ్‌బజ్ రెండింటికీ సరిపోతుంది.

మాటల ఎంపిక కూడా తెర కొలతను బట్టి సాగాలి. ఉష్ణోగ్రత అన్న మాట పక్కన 38.5 అన్న అంకె ఒకే వరుసలో ఇమడదు, వేడి 38.5, తేమ 71 అని రాస్తే రెండు వరుసల్లో విశాలంగా పడుతుంది, ఆ మాటలు అందరికీ వెంటనే అందుతాయి.

హార్ఫ్‌బజ్‌ను నడపడం కష్టమయ్యే చిన్న పలకలు కొన్ని ఉన్నాయి. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో, ఆర్డుయినో, సీ-డాక్ వేగా కార్యక్రమం కింద దేశీయంగా రూపొందిన తేజస్32 చిప్పుతో వచ్చే ఏరీస్ పలకలు ఈ కోవకు చెందుతాయి. వీటిని మైక్రోకంట్రోలర్ పలకలంటారు, వీటిలో లైనక్స్ ఉండదు. వాటికి మార్గం మరొకటి ఉంది. చూపవలసిన మాటలను ముందే పెద్ద కంప్యూటర్ మీద షేపింగ్ చేయించి, చుక్కల బొమ్మలుగా మార్చి, ఆ బొమ్మలను పలకలోనే నిలవ చేయాలి. 128 గుణించు 32 చుక్కల వరుసకు 512 బైట్లు కావాలి, వంద మాటలకు 51,200 బైట్లు. పికోలో 2 మెగాబైట్ల నిలవ ఉంది కనుక ఇది భారం కాదు. మారే అంకెలను మాత్రం విడిగా గీసి పక్కన చేర్చాలి.

అన్ని చోట్లకూ ఓలెడ్ తగినదని చెప్పలేము. ఎండలో దాని వెలుగు వెలవెలబోతుంది, ఒకే మాట నెలల తరబడి వెలిగితే ఆ చుక్కల పదార్థం అరిగి మిగతావాటికంటే మసకబారుతుంది. మాటను కొద్దికొద్దిగా జరుపుతూ ఉండడం, ఎవరూ చూడని వేళ తెరను ఆర్పడం దీనికి ఉపశమనం. ఆరుబయట పెట్టే పరికరానికి ఈ-పేపర్ మేలు. బయటి వెలుగునే తిప్పికొట్టి కాగితంలా కనిపించే ఈ తెర ఒకసారి గీసిన బొమ్మను విద్యుత్తు లేకపోయినా నిలుపుకుంటుంది, ఎండ ఎంత ఎక్కువైతే అంత స్పష్టంగా కనిపిస్తుంది. బొమ్మ మొత్తం మారడానికి కొన్ని సెకన్లు పట్టడం దాని పరిమితి. పులికాట్ సరస్సు మీదుగా ఉప్పుగాలి తగిలే ఈ ప్రాంతంలో గుచ్చి వదిలేసిన జంపర్ వైర్ల కొనలు త్వరగా తుప్పు పట్టే ప్రమాదం ఉంది కనుక, ప్రయోగం ముగిసి పరికరం వాడుకలోకి వెళ్లేటప్పుడు తీగలను సోల్డర్ చేసి పెట్టెలో మూయాలి.

వాడుకలోకి వెళ్లే పరికరానికి కరెంటు పోయి వచ్చిన వెంటనే ప్రోగ్రాం తనంతట తానే మొదలయ్యే ఏర్పాటు ఉండాలి, లైనక్స్‌లో దాన్ని సిస్టమ్‌డీ సేవగా నమోదు చేస్తారు. అంతకంటే తక్కువమంది గమనించే సంగతి ఒకటుంది. తెర చిప్పుకు సొంత మెమరీ ఉందని పైన చెప్పుకున్నాం కదా. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినా, సెన్సర్ తీగ ఊడిపోయినా, విద్యుత్తు ఉన్నంతసేపు తెర చివరిసారి అందిన అంకెనే చూపుతూ ఉంటుంది. షెడ్డులో వేడి 42 దాటినా తెర మీద 31 అనే కనిపిస్తుంది, చూసేవారు దాన్ని నమ్ముతారు. అందుచేత కొలత పక్కన అది తీసిన వేళను కూడా చూపాలి, సెకనుకోసారి కదిలే చుక్క ఒకటి మూలన ఉంచాలి, సెన్సర్ నుంచి జవాబు రానప్పుడు పాత అంకెను చెరిపి దాని స్థానంలో కొలత రాలేదు అని స్పష్టమైన తెలుగులో రాయాలి.